సామి కాకముందు తత్వవేత్త

అనంతపురం జిల్లాలో బోరు వేసే ముందు పాయింటు పెట్టించడం ఒక తంతు. పాయింటు పెట్టే మనిషి పొద్దున్నే వస్తాడు. పీచు తీసిన టెంకాయను అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టుకుని చేనంతా నడుస్తాడు. కింద నీళ్ళుంటే టెంకాయ దానంతటదే లేచి నిలబడుతుందని నమ్మకం. కొందరు పంగల పుల్లతో చూస్తారు. టెంకాయ లేచిన చోట రాయి పాతి, పసుపూ కుంకుమా వేసి, "ఈడ రెండించుల నీళ్ళు పడతాయి సామీ" అని చెప్పి డబ్బులు తీసుకుని వెళ్ళిపోతాడు. మరునాడు బోరు లారీ వస్తుంది. రెండు వందల అడుగులు, మూడు వందలు, ఐదు వందలు. దుమ్ము, బండ, మళ్ళీ దుమ్ము. రాత్రి ఇంటికొచ్చిన రైతును పక్కింటాయన పలకరిస్తే వచ్చే జవాబు ఒకటే: "నా రాత ల్యా అన్నా."

టెంకాయ తప్పిందని మాత్రం ఎవరూ అనరు. నీళ్ళు పడితే టెంకాయ మహిమ, పడకపోతే రైతు రాత. ఏం జరిగినా నమ్మకానికి చిన్న గీత కూడా పడని ఏర్పాటు ఇది. దీన్ని గమనించి, "సరే, ఏం జరిగితే టెంకాయ తప్పని ఒప్పుకుంటాం?" అని ఎవరైనా అడిగితే, ఆ మనిషి ఆ కాసేపు తత్వవేత్త పని చేస్తున్నట్టు. ఒంటి మీద కాషాయం ఉందా, గోడ మీద డిగ్రీ ఉందా అనేవి తర్వాతి సంగతులు.

ఈ ప్రశ్నను ఇంకొంచెం ముందుకు తీసుకెళ్ళే పనిముట్లు మన దగ్గర ఎప్పటినుంచో ఉన్నాయి. నిప్పు లేనిదే పొగ రాదు అనే సామెతను ఇప్పుడు ఎవరి ఇంటి గుట్టో మాట్లాడుకునేటప్పుడు వాడుతున్నాం గానీ, దాని వెనక న్యాయశాస్త్రం (కోర్టుల చట్టం కాదు, మన పాత తర్కశాస్త్రం) వాళ్ళు వందల ఏళ్ళు పట్టిన కుస్తీ ఉంది. కొండ మీద పొగ కనబడింది కాబట్టి అక్కడ నిప్పుంది, వంటింట్లో లాగా. ఇది వాళ్ళు ప్రతి విద్యార్థికీ మొదట చెప్పే ఉదాహరణ. పొగ ఉన్న ప్రతిచోటా నిప్పు తప్పకుండా ఉండటాన్ని వ్యాప్తి అన్నారు. అక్కడితో వదల్లేదు. తిరగేసి చూశారు. నిప్పున్న ప్రతిచోటా పొగ ఉంటుందా? కాలి ఎర్రబడిన ఇనుప గుండులో నిప్పు ఉంది, పొగ లేదు. అంటే పొగ రావాలంటే నిప్పు ఒక్కటే చాలదు, కట్టె తడిగా ఉండాలి. చాటున ఉండి పని చేసే ఇలాంటి షరతుకు వాళ్ళు పెట్టిన పేరు ఉపాధి. (ఈ మాట ఇప్పుడు పల్లెలో అంటే అందరికీ ఉపాధి పనీ, మస్టరూ గుర్తొస్తాయి. దానికీ దీనికీ సంబంధం లేదు.)

టెంకాయ విషయంలో ఆ తడి కట్టె ఏది? ఏళ్ళ తరబడి పాయింట్లు పెడుతున్న మనిషి కాళ్ళు వాటంతటవే వంక వైపు, పల్లం వైపు, ఎండాకాలంలో కూడా పచ్చగా ఉన్న చెట్టు వైపు పోతాయి. ఈ జిల్లాలో నేల కింద చాలా భాగం గట్టి బండ. నీళ్ళు దొరికితే పైన మెత్తబడిన పొరలో దొరకాలి, లేదా బండ చీలికలో దొరకాలి. అందుకే ఇరవై అడుగుల దూరంలో ఒక బోరులో నీళ్ళుంటాయి, ఇంకోదాంట్లో దుమ్ము లేస్తుంది. పల్లంలో చీలిక తగిలే అవకాశం కాస్త ఎక్కువ. పడిన నీళ్ళు పల్లం పుణ్యమే అయినా పేరు మాత్రం టెంకాయకు వస్తుంది. పైగా టెంకాయ లేవని చోట ఎవరూ బోరు వేయరు కాబట్టి అక్కడ నీళ్ళున్నాయో లేవో తెలిసే దారే లేదు. నీళ్ళు పడిన బోరు గురించి పది ఊళ్ళు చెప్పుకుంటాయి. ఎండిన బోరు మీద బండ మూసి, దాని మాట ఎత్తరు.

జియాలజిస్టు పెట్టిన పాయింటు కూడా తప్పుతుంది, నిజమే. తేడా ఏమిటంటే, తప్పినప్పుడు ఎందుకు తప్పిందో ఆయన చెప్పాలి. చెప్పలేకపోతే తన లెక్క మార్చుకోవాలి. టెంకాయకు ఆ బాధ్యత లేదు.

ఇక్కడ హేతువాదుల సభల్లో చాలాసార్లు జరిగే పొరపాటు ఒకటుంది. రాత అనే మాటను మూఢనమ్మకం అని ఒక్క మాటతో కొట్టేస్తారు. ఆ రైతు ఆ మాట అనుకోబట్టే ఆ రాత్రి కాస్త నిద్రపోయాడు. తప్పంతా తనదే అనుకుంటే అప్పు టెన్షన్‌తో అదీ పట్టదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగా పడని నేల మీద ఆ మాటకు పెద్ద పనే ఉంది. అది ఓదారుస్తుంది. చిక్కంతా ఓదార్పు మాట కారణం చెప్పే మాట చోటులో కూర్చున్నప్పుడే వస్తుంది. రాత అనుకుని నిద్రపోవడం ఒకటి, రాతే కారణం అనుకుని అదే టెంకాయతో నాలుగో బోరుకు అప్పు తేవడం ఇంకొకటి. ఒకే మాట చేస్తున్న ఈ రెండు పనుల్నీ విడదీసి చూపించడమే తత్వవేత్త నుంచి రావలసిన సాయం. రైతును వెక్కిరించడం అందులో భాగం కాదు. ఆ మాటకొస్తే, నాలుగో బోరు మాట రాగానే "పడకపోతే ఏం చేస్తావు?" అని మొదట అడిగేది ఇంట్లో ఆడమనిషి. ఆ ప్రశ్నను ఇంతవరకూ ఎవరూ తత్వం ఖాతాలో రాసుకోలేదు.

అసలు తత్వవేత్త అనే మాట ఊళ్ళలో వినబడదు. పుస్తకాల్లో, సంతాప సభల్లో వినబడుతుంది. తత్వం అనే మాట మాత్రం అందరి నోటా ఉంది. "వాడి తత్వమే అంత" అంటే స్వభావం. "నాది వేడి తత్వం" అంటే ఒంటి తీరు. భజనలో తంబుర మీటుతూ పాడేవి తత్వాలు. ఎక్కడో బాగా దెబ్బతిన్నాక "ఇప్పుడు తత్వం బోధపడింది" అంటారు. సంస్కృతంలో తత్ అంటే అది, త్వం అంటే తనం. ఒక వస్తువును ఆ వస్తువుగా చేసేది ఏదో అదే దాని తత్వం. వేడి తత్వం అనే రైతు కూడా తెలియకుండానే ఆ అర్థం దగ్గరే ఉన్నాడు.

గొడవ వేత్త దగ్గర వచ్చింది. గ్రీకుల మాటకు అర్థం జ్ఞానాన్ని ప్రేమించేవాడు అని. ప్రేమ ఉందంటే అది ఇంకా పూర్తిగా చేతికి రాలేదని. దాన్ని మనం తత్వవేత్త చేశాం, అంటే తెలిసినవాడు. వెతుకుతున్నవాడు కాస్తా ఒక్క అనువాదంతో తెలిసిపోయినవాడయ్యాడు. బ్రహ్మసూత్రాల్లో మొదటి సూత్రంలోనే జిజ్ఞాస అనే మాట ఉంది. తెలుసుకోవాలనే కోరిక అని దాని అర్థం. ఆ మాట పట్టుకుని జిజ్ఞాసువు అని పిలిచి ఉంటే గ్రీకు మాటకు దగ్గరగా ఉండేది. కానీ తెలిసినవాడికి దండం పెట్టవచ్చు, దండ వేయవచ్చు, వెతికేవాడికి ఏం చేస్తాం?

తెలిసినవాళ్ళ మీద మనవాళ్ళకు అనుమానం కూడా తక్కువేమీ కాదు. మెట్ట వేదాంతం అనే మాట ఊరికే పుట్టలేదు. శ్మశాన వైరాగ్యం వంక దగ్గర స్నానం చేసి ఇంటికొచ్చేవరకే ఉంటుందని అందరికీ తెలుసు. వాదన తేలనప్పుడు "వితండం చేయొద్దు" అంటారు. ఈ వితండం న్యాయశాస్త్రం నుంచి నేరుగా వచ్చింది. ఇద్దరు కూర్చుని నిజం తేల్చుకోవడానికి మాట్లాడితే వాదం. ఎలాగైనా గెలవడానికి మాట్లాడితే జల్పం. తనకంటూ ఏ అభిప్రాయమూ నిలబెట్టకుండా ఎదుటివాడి మాటను పడగొట్టడమే పనిగా పెట్టుకుంటే వితండం. టీవీలో రాత్రి తొమ్మిదికి జరిగేది వీటిలో ఏదో విడిగా చెప్పక్కర్లేదు. విచిత్రం ఏమిటంటే, మూడింటిలో జల్పం అనే మాట వాడుకలోంచి పోయింది. గెలుపు కోసం చేసే వాదననే ఇప్పుడు వాదన అంటున్నాం.

పూర్వపక్షం అనే మాటకూ ఇంచుమించు ఇదే గతి పట్టింది. తన సిద్ధాంతం చెప్పేముందు ఎదుటివాడి మాటను, ఎదుటివాడే మెచ్చుకునేంత బలంగా, ముందుగా చెప్పి తీరాలని శాస్త్రకారుల పద్ధతి. అది పూర్వపక్షం. ఇప్పుడు తెలుగులో పూర్వపక్షం చేశాడంటే కొట్టిపారేశాడని అర్థం. ఎదుటివాడికి చోటివ్వడం అనే సగం రాలిపోయి, కొట్టిపారేసే సగమే మిగిలింది. ఒక మనిషి తత్వవేత్తా కాదా అని తేల్చుకోవడానికి ఒకే ఒక్క పరీక్ష పెట్టుకోవాలంటే, తనకు నచ్చని అభిప్రాయాన్ని ఆయన ఎంత బాగా చెప్పగలడో చూడటం మంచి పరీక్ష.

కర్నూలు జిల్లాలో ఈ పరీక్షలో సులువుగా నెగ్గే మనిషి ఒకాయన ఉన్నారు. రోజూ వేల మంది ఆయన దగ్గరికి వెళ్తారు. వెళ్ళేవాళ్ళలో చాలామందికి ఆయన ఈ పని చేశాడని తెలియదు. మంత్రాలయం రాఘవేంద్రస్వామి 1671లో తుంగభద్ర ఒడ్డున బృందావన ప్రవేశం చేశారు. అంతకుముందు ఆయన జీవితంలో పెద్ద భాగం, జీవుడూ దేవుడూ వేరు అనే ద్వైత వేదాంతం మీద వ్యాఖ్యలు రాయడంలో, పాఠం చెప్పడంలో గడిచింది. వరస ఇలా ఉంటుంది. బ్రహ్మసూత్రాలకు అర్థం చెబుతూ మధ్వాచార్యులు అనువ్యాఖ్యానం రాశారు. దానికి జయతీర్థులు న్యాయసుధ రాశారు. ఆ న్యాయసుధకు రాఘవేంద్రులు రాసింది పరిమళం. వ్యాఖ్యకు వ్యాఖ్య, దానికి మళ్ళీ వ్యాఖ్య. బయటి నుంచి చూస్తే చెప్పిందే చెబుతున్నట్టు ఉంటుంది. లోపల జరిగేది, ఫలానా వాక్యం మీద, రెండూ ఒకటే అనే అద్వైతి ఈ ఆక్షేపణ తెస్తే జవాబేమిటి, ఆ జవాబులో ఈ పదం ఎందుకు పడింది, ఇంకో పదం పడితే ఏం చెడేది అన్న పరిశీలన. కంసాలి త్రాసు దగ్గర కూర్చున్నట్టే.

ఇప్పుడు మంత్రాలయంలో పరిమళం అంటే క్యూలో నిలబడి కొనుక్కునే ప్రసాదం. పరిమళ ప్రసాదం బాగుంటుంది, అందులో మాట లేదు. గురువారం వచ్చి పెళ్ళి కావాలనీ, ఉద్యోగం రావాలనీ మొక్కుకునేవాళ్ళను తప్పుపట్టాల్సిన పనీ లేదు. కానీ ఒక మనిషి ఏళ్ళ తరబడి దీపం దగ్గర కూర్చుని చేసిన ఆలోచన పేరు చివరికి ఒక తీపి పొట్లానికి స్థిరపడిందంటే, ఈ ప్రాంతం తత్వవేత్తను ఏం చేస్తుందో దాన్నిబట్టి కొంత అర్థమవుతుంది. సామిని చేస్తుంది. సామి అయ్యాక ఆయన్ని అడగడానికి కోరికలే మిగులుతాయి, ప్రశ్నలు మిగలవు.

బ్రహ్మంగారి విషయంలోనూ ఇలాగే జరిగింది. కడప జిల్లా కందిమల్లయపల్లెలో స్థిరపడిన వీరబ్రహ్మం, దూదేకుల సిద్దయ్యను శిష్యుడిగా తీసుకుని, కులం అడ్డురాని బోధ చేసినవాడు. జనానికి గుర్తున్నది కాలజ్ఞానం. ఎక్కడ ఏ వింత జరిగినా, ఏ రోగం వచ్చినా "బ్రహ్మంగారు అప్పుడే చెప్పినాడు" అంటారు. జరగకముందు మాత్రం ఎవరూ ఆ వాక్యం చూపించి ఫలానా రోజున ఇది జరుగుతుందని చెప్పరు. టెంకాయ లెక్కే ఇదీ. సిద్దయ్యను చేరదీయడం వెనక ఉన్న ఆలోచన వాదించదగ్గది, ఒప్పుకోదగ్గది, అవసరమైతే కాదనదగ్గది. జోస్యంతో వాదించలేం.

దీనికి భిన్నంగా అసలు సామి కాకుండా మిగిలిపోయినాయన అనంతపురం జిల్లాలోనే ఉన్నాడు. ఆ కారణంగానే కాబోలు, జిల్లాలో ఆయన పేరు తెలిసినవాళ్ళు తక్కువ. వజ్రకరూరు మండలంలో కొనకొండ్ల అనే ఊరుంది. జైనుల్లో దిగంబర శాఖకు అత్యంత గౌరవనీయుడైన ఆచార్యుడు కుందకుందుడి ఊరు కొండకుంద అనీ, అదే ఈ కొనకొండ్ల అనీ చరిత్రకారులు గుర్తించారు. ఆయన ఏ కాలంవాడన్న దాని మీద పండితులకు ఏకాభిప్రాయం లేదు. ప్రాకృతంలో రాసిన సమయసారం ఆయన ముఖ్య గ్రంథం. మహారాష్ట్రలో, గుజరాత్‌లో జైన కుటుంబాలు ఇవాళ్టికీ దాన్ని పారాయణ చేస్తాయి.

కుందకుందుడు చూపించిన దారి గట్టిది. ఏ విషయాన్నైనా రెండు వైపుల నుంచి చూడాలంటాడు. ఒకటి వ్యవహార దృష్టి, అంటే రోజువారీ వాడుక ప్రకారం చూడటం. రెండోది నిశ్చయ దృష్టి, అంటే ఉన్నది ఉన్నట్టు చూడటం. తర్వాత వ్యాఖ్య రాసినాయన దీనికి నేతి కుండ ఉదాహరణ ఇచ్చాడు. నేతి కుండ అంటాం. కుండ నేతితో చేసింది కాదు, మట్టితో చేసింది. అయినా "నేతి కుండ తీసుకురా" అంటే ఇంట్లో ఎవరూ తికమక పడరు. అలాగే "నేను లావైనాను, నాకు దెబ్బ తగిలింది" అన్నప్పుడు నేను అనే మాట ఒంటికి తగిలించిన వ్యవహారం, నిజంగా తెలుసుకునేవాడు వేరు అని ఆయన వాదం. మరి వ్యవహారం అబద్ధమైతే దాన్ని వదిలేయొచ్చు కదా? ఈ ఆక్షేపణ ఆయనే తెచ్చుకుంటాడు. జవాబూ ఆయనే ఇస్తాడు. మన భాష రాని మనిషికి అతని భాషలో తప్ప ఏదీ చెప్పలేం, అలాగే వ్యవహారం లేకుండా పరమార్థాన్ని చెప్పలేం అంటాడు. తనకు ఎదురుప్రశ్న తానే వేసుకోవడం, వేసుకున్నాక దాన్ని తప్పించుకోకపోవడం అంటే ఇదే. ఆయన వాదం ఒప్పుకోవాలని లేదు. ఒంటికి దెబ్బ తగిలితే బాధపడేది ఎవరు మరి అని అడగొచ్చు. ఆ ప్రశ్న వేయడానికి ఆయన చోటు వదిలాడు.

వజ్రకరూరు మీదుగా వచ్చేవాళ్ళు ఎక్కువమంది వచ్చేది తొలకరికి వజ్రాలు వెతకడానికి. కుందకుందుడి కోసం వచ్చేది ఎక్కడో దూరం నుంచి వచ్చే జైన యాత్రికులు.

ఇక వేమన. సీమలో తత్వవేత్త ఎవరంటే నూటికి తొంభై మంది చెప్పే పేరు ఇదే కాబట్టి ఈ పేరు దగ్గర జాగ్రత్తగా ఉండాలి. వేమన పేరు మీద ఉన్న పద్యాలన్నీ తత్వం కాదు. కొన్ని నీతులు, కొన్ని యోగపు రహస్యాలు, కొన్ని ఉత్త తిట్లు. ఆడవాళ్ళ మీద, కొన్ని కులాల మీద ఉన్న పద్యాల్లో కారణం వెతికితే దొరకదు, కోపమే దొరుకుతుంది. వీటిలో ఏవి ఆయనవో, ఏవి తర్వాతివాళ్ళు అదే మకుటం తగిలించి కలిపినవో తేల్చడం కష్టం. 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చిన ఇంగ్లీషు అధికారి సి.పి. బ్రౌన్ తాటాకు ప్రతులు సేకరించి, పోల్చి చూసి, 1829లో కొన్ని పద్యాలు అచ్చు వేయించినప్పటి నుంచీ ఈ చిక్కు ఉంది.

అయినా కొన్ని పద్యాల్లో తత్వవేత్త పని స్పష్టంగా కనబడుతుంది. పిండాలు పెట్టి కాకిని పితరుడనుకునేవాళ్ళ మీద ఉన్న పద్యం అలాంటిది. అందులో తిట్టు ఉంది గానీ దాని నడుం వాదం. కాకి రూపంలో నీ పెద్దలు వచ్చారంటున్నావు, మంచిది. ఆ కాకి మిగతా పొద్దంతా ఏం తింటుందో నీకు తెలుసు. మరి నీ పితరుడు ఏమైనట్టు? ఎదుటివాడి మాటనే ఒప్పుకుని, ఆ మాట ఎక్కడికి తీసుకెళ్తుందో వేలు పెట్టి చూపించడం ఇది. సంస్కృతంలో పండితులు పేజీలు రాసే పద్ధతి నాలుగు పాదాల ఆటవెలదిలో ఇమిడింది. ఇంకోటి, రోజూ వింటూ పట్టించుకోనిది, ఆ మకుటమే. విశ్వదాభిరామ అన్న భాగానికి అర్థం మీద రకరకాల కథలున్నాయి. చివరి మాటలో మాత్రం అనుమానం లేదు. వినుర వేమ. ప్రతి పద్యం చివర ఆయన వినమంటున్నది తననే. ఊరిని ఝాడించిన మాట కూడా ఆఖరికి తన చెవిలోనే పడాలి. అలవాటుగా పాడుకునే చరణం కింద పోయింది గానీ, దాన్ని అక్షరాలా తీసుకుంటే చాలా బరువైన షరతు.

కదిరి ప్రాంతంలోని కటారుపల్లెలో, ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లాలో, వేమన సమాధి ఉంది. దానికి పూజలు జరుగుతాయి. శిలను శివుడనుకోవడం ఏమిటని అడిగినాయనకు టెంకాయ కొట్టడం చూసి నవ్వు వస్తుంది గానీ, ఆ సమాధిని ఇన్ని తరాలు కాపాడింది ఆ పూజలే అని కూడా ఒప్పుకోవాలి. పూజ చేసేవాళ్ళు లేకపోతే సమాధి ఉండేది కాదు. వాళ్ళే లేకపోతే బహుశా పద్యాలూ ఇన్ని మిగిలేవి కాదు. సామిని చేయడం వల్ల ప్రశ్న ఆగిపోతుందన్నది నిజం, ప్రశ్న వేసినవాడి పేరు బతుకుతుందన్నదీ నిజం. ఏథెన్స్ నగరం క్రీస్తుపూర్వం 399లో సోక్రటీస్‌కు మరణశిక్ష వేసి విషం తాగించింది. మన పద్ధతి దానికంటే మెత్తనిది.

సామి కావడానికి ససేమిరా అన్న మనిషి ఒకరు ఈ పక్కవారే. జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో పుట్టినప్పుడు ఆ ఊరు కడప జిల్లాలో ఉండేది. చిత్తూరు జిల్లా ఏర్పడి, ఆ ఊరు అందులోకి పోయింది 1911లో. జగద్గురువును చేయాలని దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) పెద్దలు ఆయన కోసం పెట్టిన సంఘాన్ని 1929లో ఆయనే రద్దు చేశాడు. అంత తెగింపు చూపినవాళ్ళు అరుదు. అయితే పూర్వపక్షం పరీక్ష పెడితే ఆయన కూడా ఇబ్బంది పడతాడు. ఎవరి మాటా ప్రమాణంగా తీసుకోవద్దన్నాడు, మంచిదే. కానీ తనతో విభేదించే వాదాన్ని దాని పూర్తి బలంతో నిలబెట్టి, ఓపిగ్గా జవాబు చెప్పే అలవాటు ఆయన సంభాషణల్లో తక్కువ. ఈ ఒక్క విషయంలో పరిమళం రాసినాయన ఆయనకంటే ముందున్నాడు.

ఎదుటివాడి మాటకు చోటిచ్చే ఈ పద్ధతికి సీమలో ఉన్న అన్నిటికంటే పాత సాక్ష్యం పుస్తకం కూడా కాదు, బండ. గుత్తి నుంచి పత్తికొండ వైపు పోయే దారిలో, తుగ్గలి మండలం ఎర్రగుడి దగ్గర గుట్ట మీద అశోకుడి శాసనాలున్నాయి. పెద్ద శిలాశాసనాలూ చిన్న శిలాశాసనాలూ ఒకేచోట ఉండటం దాని ప్రత్యేకత. పన్నెండో పెద్ద శాసనంలో రాజు చెప్పే మాట మతాల గురించి. సమయం కాని సమయంలో తన మతాన్ని పొగడటం, ఎదుటివాళ్ళ మతాన్ని తెగనాడటం వద్దంటాడు. నోరు అదుపులో పెట్టుకోమంటాడు. తన మతం మీద ప్రేమతో ఇంకోదాన్ని కించపరిచేవాడు తన మతానికే ఎక్కువ చెరుపు చేస్తాడంటాడు. ఒకరి ధర్మం ఒకరు వినాలంటాడు. అశోకుడు తత్వవేత్త కాదు, యుద్ధం చేసి వచ్చిన రాజు. కానీ వాదం జరగాలంటే ముందు ఏం ఉండాలో ఆ బండ మీద రాయించాడు.

అక్కడి చిన్న శాసనంలో ఇంకో విచిత్రం ఉంది. కొంత భాగంలో ఒక వరుస ఎడమ నుంచి కుడికి పోతే, తర్వాతి వరుస కుడి నుంచి ఎడమకు వస్తుంది. మడక దున్నేటప్పుడు ఎద్దులు గట్టు దాకా పోయి, మళ్ళుకుని, పక్క సాలులో వెనక్కి వచ్చినట్టు. బ్రాహ్మి లిపి తెలిసినవాళ్ళు కూడా అక్కడ రెండో వరుస దగ్గర ఆగి, మళ్ళీ మొదటికొచ్చి, చదువుతున్నది ఏ వైపు నుంచో చూసుకుంటారు.